నాన్నగారితో ఫ్లోరెన్స్, పాదువా: గెలీలియో కోసం ఐదు రోజులు

ముప్పై ఏళ్లు స్కూల్లో ఫిజిక్స్ చెప్పిన మా నాన్నగారికి ఇటలీ అంటే రోమ్ కాదు, గెలీలియో. అందుకే ఈ జనవరిలో ఫ్లోరెన్స్‌కి మూడు రోజులు, పాదువాకి రెండు వేసుకున్నాం. ఇప్పుడైతే తిరగేసి వేస్తాను.

ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది ఒడ్డున మ్యూజియో గెలీలియో ఉంది. పక్కనే ఉఫీజీ చిత్రశాల దగ్గర జనం బారులు తీరి ఉంటే మేం ఐదు నిమిషాల్లో లోపలికి వెళ్లిపోయాం. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు, చూసుకోండి. గెలీలియో టెలిస్కోపులు రెండు ఇక్కడున్నాయి. తోలు చుట్టినది మీటరు కూడా లేదు, చూపించేది 20 రెట్లు. అసలు నాన్నగారు కదలకుండా నిలబడిపోయింది మాత్రం ఒక పగిలిన కటకం ముందు. 1610 జనవరిలో గురుడి నాలుగు ఉపగ్రహాలను చూసింది దీంతోనే. వెడల్పు 38 మిల్లీమీటర్లు. చుట్టూ 1677లో చెక్కిన ఏనుగు దంతం చట్రం ఎంత ఆర్భాటంగా ఉందంటే, మధ్యలో గాజుముక్క ఉందని ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

"ఒరేయ్, మా ల్యాబ్‌లో కటకం దీనికంటే పెద్దదిరా! ఇందులోంచి చూస్తే చందమామ సగమే పడుతుంది, ముక్కలు ముక్కలుగా చూసి కొండలున్నాయన్నాడు" అని ఆయన క్లాసు మొదలుపెడితే గార్డు ఇటు తిరిగాడు. గాజు గుడ్డులో గెలీలియో నడిమివేలు కూడా పెట్టారు. 1737లో అస్థికలను శాంతా క్రోచే చర్చిలో కొత్త సమాధికి మార్చేటప్పుడు తీశారట. నాన్నగారు అటు చూడలేదు.

దెబ్బ తిన్నది బస దగ్గర. లిఫ్ట్ ఉందన్నారు, ఉంది, రెండో అంతస్తు దాకా. మా గది నాలుగులో. సూట్‌కేసులు నేను మోస్తే, నాన్నగారు మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కారు. సిటీ ట్యాక్స్ వేరే, అదీ నగదే కావాలట. భోజనం బిల్లులో కోపెర్తో అని, కూర్చున్నందుకూ రొట్టెకూ కలిపి మనిషికింత వేస్తారు. మోసం కాదు, అక్కడి పద్ధతే. "రొట్టె మనం అడగలేదు కదరా" అని రెండు పూటలు అదే మాట! ఆయన మోకాళ్లకు భయపడి గెలీలియో చివరి రోజుల్లో గృహనిర్బంధంలో ఉన్న ఆర్చెత్రి కొండ మానేశాం.

రైల్లో రెండు గంటల్లోపే పాదువా. గది విశాలం, లిఫ్ట్ మా అంతస్తు దాకా వచ్చింది, అద్దె కూడా తక్కువ. గెలీలియో 1592 నుంచి 18 ఏళ్లు ఇక్కడే పాఠాలు చెప్పాడు, గొట్టాన్ని ఆకాశం వైపు తిప్పిందీ ఈ ఊళ్లోనే. యూనివర్సిటీ పాత భవనం పలాజో బో గైడ్ టూర్‌లో ఆయనదని చెప్పే చెక్క వేదిక చూపిస్తారు. మొరటు పలకలే, కానీ నాన్నగారు దాన్ని వదిలి రాలేదు. లా స్పెకోలా బురుజు నుంచే గెలీలియో నక్షత్రాలు చూశాడనుకుంటారు చాలామంది. ఆ అబ్జర్వేటరీ వచ్చింది 18వ శతాబ్దంలో, ఆయన 1610లోనే ఊరు వదిలేశాడు. టైమ్ తక్కువైతే బురుజు వదిలేయండి.

ఆ రాత్రి కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించి, బైనాక్యులర్స్ బిగించి పట్టుకుని నాన్నగారు చాలాసేపు గురుడినే చూశారు. చలిగాలి లోపలికి కొడుతోంది.

"మూడు కనిపిస్తున్నాయిరా. నాలుగోది వెనకాల దాక్కునుంటుంది. ఆ లైటు తీసెయ్."