లోకల్ సర్వర్‌ని బయటకు చూపే టన్నెల్స్: ఎర్రర్ వచ్చినప్పుడు ఏది దారి చూపుతుంది?

లాప్‌టాప్‌లో నడిచే సర్వర్‌కి బయటి నుంచి తెరుచుకునే హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఇవ్వడం ఒక్క కమాండ్ పని. ఆ పని చేసే సాధనాలే టన్నెల్స్. అన్నీ సవ్యంగా ఉన్నంతసేపు ఎన్‌గ్రాక్, క్లౌడ్‌ఫ్లేర్డ్, వీఎస్ కోడ్ పోర్ట్ ఫార్వర్డింగ్, లోకల్‌టన్నెల్ అన్నీ ఒకటే. తేడా బయటపడేది 502 పేజీ (వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) ఎదురైనప్పుడు. తప్పు టన్నెల్‌దా, నెట్‌వర్క్‌దా, మన సర్వర్‌దా అని ఎంత త్వరగా తేల్చి చెబుతుందో చూసి వీటికి మార్కులు వేయాలి. ఆ లెక్కన ఎన్‌గ్రాక్‌దే మొదటి స్థానం.

ఎందుకంటే దాని ప్రతి ఎర్రర్‌కీ ఒక నంబర్ ఉంటుంది. 4018 అంటే ఆథ్‌టోకెన్ (మీ ఖాతాని గుర్తించే కీ) ఇవ్వలేదని. డాష్‌బోర్డ్‌లోని టోకెన్‌ని కాన్ఫిగ్‌లో ఒకసారి చేరిస్తే పోతుంది. 3200 అంటే ఆ చిరునామా వెనక ఏజెంట్ (మీ మెషీన్‌లో ఉండే ఎన్‌గ్రాక్ ప్రోగ్రామ్) నడవడం లేదని: టెర్మినల్ మూసేసి ఉంటారు, లేదా పాత యూఆర్‌ఎల్‌నే ఇంకా వాడుతున్నారు. 334 వస్తే అదే చిరునామా వేరేచోట ఇప్పటికే తెరిచి ఉంది. మరో టెర్మినల్‌లోనో మరో మెషీన్‌లోనో మిగిలిపోయిన ప్రాసెస్‌ని వెతికి ఆపాలి. 8012 అంటే టన్నెల్ బాగానే ఉంది, మీ మెషీన్‌లో ఆ పోర్ట్ దగ్గర పలికేవాళ్లు లేరు.

ఎక్కువమంది ఇరుక్కునేది ఈ 8012 దగ్గరే. ముందు టన్నెల్‌ని పక్కన పెట్టి, అదే మెషీన్‌లో కర్ల్‌తో (కమాండ్ నుంచి రిక్వెస్ట్ పంపే సాధనం) 127.0.0.1 మీద, అంటే మెషీన్ తనను తాను పిలుచుకునే ఐపీవీ4 చిరునామా మీద, ఆ పోర్ట్‌ని అడగండి. తర్వాత లోకల్‌హోస్ట్ అన్న పేరుతో అడగండి. రెండో దానికే జవాబొస్తే సర్వర్ ఐపీవీ6 చిరునామా ::1 మీద మాత్రమే వింటోంది. జావాస్క్రిప్ట్ సర్వర్లని నడిపే నోడ్‌లో 17వ వెర్షన్ నుంచి లోకల్‌హోస్ట్‌కి ఐపీవీ4నే ముందు పెట్టే అలవాటు పోయింది కాబట్టి, వీట్ లాంటి డెవ్ సర్వర్లతో ఇది మామూలే. టన్నెల్‌కి 127.0.0.1 బదులు లోకల్‌హోస్ట్ అని ఇవ్వండి, లేదా సర్వర్‌నే 127.0.0.1 మీద లేపండి. లినక్స్‌లో ఎస్ఎస్, మ్యాక్‌లో ఎల్ఎస్ఓఎఫ్, విండోస్‌లో నెట్‌స్టాట్ కొడితే ఏ చిరునామా మీద వింటోందో సరిగ్గా కనిపిస్తుంది.

యాప్‌ని కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్ ఉంటే లెక్క మారుతుంది. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. యాప్ కంటైనర్‌లో 0.0.0.0 మీద వినాలి, పోర్ట్ పబ్లిష్ అయి ఉండాలి. టన్నెల్ కూడా కంపోజ్‌లో (కంటైనర్లని కలిపి నడిపే డాకర్ సాధనం) ఇంకో కంటైనర్ అయితే లోకల్‌హోస్ట్ బదులు సర్వీస్ పేరు ఇవ్వాలి.

మ్యాక్‌లో ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లకు ఇంకో చిక్కు: మ్యాక్ఓఎస్ మాంటెరే నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్, ఫ్లాస్క్ మామూలుగా వాడే 5000 పోర్ట్‌ని పట్టుకుంటుంది. 502 కాకుండా ఖాళీ 403 వస్తుంది కాబట్టి అనుమానం టన్నెల్ మీదకు పోతుంది. పోర్ట్ మార్చండి, చాలు.

ఎన్‌గ్రాక్‌ని నిజంగా పై మెట్టు మీద పెట్టేది 127.0.0.1:4040 దగ్గర తెరుచుకునే ఇన్‌స్పెక్టర్. రిక్వెస్ట్ అక్కడ కనబడి, దాని పక్కన మీ యాప్ ఇచ్చిన 400 ఉంటే ఇక టన్నెల్‌ని అనుమానించే పని లేదు. కనబడకపోతే అది మీదాకా రానే లేదు. రీప్లే బటన్‌తో అదే వెబ్‌హుక్‌ని (పేమెంట్ లాంటిది జరిగినప్పుడు బయటి సర్వీసు మీ సర్వర్‌కి పంపే రిక్వెస్ట్) మళ్లీ పంపవచ్చు. టెస్ట్ పేమెంట్ మళ్లీ మళ్లీ చేయనక్కర్లేదు. ఒక్క లోపం, ఉచిత ఖాతాలో బ్రౌజర్‌కి ముందొచ్చే హెచ్చరిక పేజీ. ఫ్రంటెండ్ కోడ్ జేసన్ ఆశిస్తే అక్కడ హెచ్‌టీఎంఎల్ దిగి పార్సింగ్ ఎర్రర్ వస్తుంది. ఎన్‌గ్రాక్-స్కిప్-బ్రౌజర్-వార్నింగ్ హెడర్‌ని ఏదో ఒక విలువతో పంపితే ఆ పేజీ తప్పుకుంటుంది.

క్లౌడ్‌ఫ్లేర్డ్ క్విక్ టన్నెల్‌కి ఖాతా కూడా అక్కర్లేదు, హెచ్చరిక పేజీ లేదు. క్లయింట్‌కి ఒక పేజీ చూపించాలంటే దీన్ని మించింది లేదు. కానీ ఒకేసారి 200కి మించి రిక్వెస్టులు నడుస్తుంటే 429 ఇస్తుంది, సర్వర్ సెంట్ ఈవెంట్స్‌ని (ఒకే కనెక్షన్ మీద సర్వర్ వరుసగా పంపే సందేశాలు) మోయదు. చాట్ జవాబుని ముక్కలుగా స్ట్రీమ్ చేసే యాప్ ఇందులో మొరాయిస్తే మీ కోడ్‌ని తవ్వకండి. రిక్వెస్టులు చూపే పేజీ కూడా లేదు, టెర్మినల్‌లో వచ్చే లాగ్ ఒక్కటే దిక్కు. 1033 అంటే టన్నెల్ క్లౌడ్‌ఫ్లేర్‌కి అతుక్కుని లేదు. 502తో పాటు లాగ్‌లో ఆరిజిన్‌ని (అంటే మీ సర్వర్‌ని) చేరలేదన్న వరుస ఉంటే తప్పు పోర్ట్ వైపు. ఆఫీసు ఫైర్‌వాల్ వెనక అసలు కనెక్టే కాకపోతే బయటికి వెళ్లే 7844 పోర్ట్ చూడండి. యూడీపీ మాత్రమే మూసి ఉంటే ప్రోటోకాల్ ఫ్లాగ్‌ని హెచ్‌టీటీపీ2కి మార్చితే నడుస్తుంది.

వీఎస్ కోడ్‌లో పోర్ట్ మొదట ప్రైవేట్‌గా తెరుచుకుంటుంది. మీ బ్రౌజర్‌లో బాగానే కనిపిస్తుంది, వెబ్‌హుక్ పంపేవాళ్లకు మాత్రం లాగిన్ పేజీ తగులుతుంది. పోర్ట్స్ ప్యానెల్‌లో విజిబిలిటీని పబ్లిక్ చేయాలి. లోకల్‌టన్నెల్ బ్రౌజర్ సందర్శకుల్ని పాస్‌వర్డ్ అడుగుతుంది. అది టన్నెల్ నడిపే మెషీన్ పబ్లిక్ ఐపీ. ఇంకొకరికి చూపించే పనికి దీన్ని సిఫారసు చేయలేం.

ఎన్‌గ్రాక్, క్లౌడ్‌ఫ్లేర్డ్ లాంటి టన్నెల్స్‌తో హోస్ట్ హెడర్ (రిక్వెస్ట్ ఏ డొమైన్‌కి వచ్చిందో చెప్పే వరుస) గొడవ కూడా వస్తుంది. తెలియని డొమైన్ కనిపిస్తే వీట్ హోస్ట్‌ని బ్లాక్ చేశానంటుంది, వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో జాంగో 400 ఇస్తుంది, రెయిల్స్ కూడా బ్లాక్ చేస్తుంది. ఇది డీఎన్ఎస్ రీబైండింగ్ దాడి (బయటి వెబ్‌సైట్ తన డొమైన్‌ని మీ మెషీన్ వైపు తిప్పి లోపలికి చేరడం) నుంచి కాపాడే తనిఖీ, దాన్ని పూర్తిగా తీసేయకండి. టన్నెల్ డొమైన్ ఒక్కదాన్నే అనుమతుల జాబితాలో చేర్చండి. హోస్ట్ హెడర్‌ని రీరైట్ చేసే ఫ్లాగ్ దగ్గరి దారే కానీ, అప్పుడు యాప్ తన చిరునామా లోకల్‌హోస్ట్ అనుకుని లింకులు కడుతుంది, ఓఆథ్ (వేరే సర్వీసు ఖాతాతో లాగిన్ అయ్యే పద్ధతి) రీడైరెక్ట్ యూఆర్‌ఎల్ సరిపోక లాగిన్ ఆగిపోతుంది. జాంగో 4.0 నుంచి సీఎస్ఆర్ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో (ఫారాలు ఏ చిరునామాల నుంచి రావచ్చో చెప్పే సెట్టింగ్) డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ కూడా రాయాలి. డొమైన్‌ని అసలు చేర్చకపోతే పేజీ తెరుచుకుంటుంది, ఫారం పంపితే 403 వస్తుంది. రీడైరెక్ట్ అంతులేకుండా తిరుగుతుంటే యాప్ తనకొచ్చింది హెచ్‌టీటీపీ అనుకుంటోంది: అసలు వచ్చింది హెచ్‌టీటీపీఎస్ అని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ని నమ్మమని చెప్పాలి, నోడ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌లో అయితే ట్రస్ట్ ప్రాక్సీ సెట్టింగ్‌తో.

వెబ్‌హుక్‌ల కోసం ఎన్‌గ్రాక్, చూపించడానికి క్లౌడ్‌ఫ్లేర్డ్ పెట్టుకోండి. లింక్ ఇచ్చే ముందు ఫ్లాస్క్ డీబగ్గర్ ఆపండి, ఆ కన్సోల్‌లోకి చేరగలిగినవాళ్లు మీ మెషీన్‌లో పైథాన్ నడపగలరు. ఎన్‌గ్రాక్ ట్రాఫిక్ పాలసీలో బేసిక్ ఆథ్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తనిఖీ) పెట్టుకోవచ్చు, అయితే వెబ్‌హుక్ పాత్‌ని దాన్నుంచి మినహాయించాలి, లేకపోతే పంపేవాళ్లకు 401 వెళుతుంది.