వైజాగ్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్: టికెట్‌లో గంటంపావు, ఇంటి నుంచి ఇంటికి ఐదు గంటలు

మా అమ్మాయి పెళ్ళయ్యి కూకట్‌పల్లి వెళ్ళిన దగ్గర్నుంచి, అంటే 2017 నుంచి, నేనూ మా ఆవిడా ఏడాదికి నాలుగైదు సార్లు ఈ రూట్‌లో తిరుగుతూనే ఉన్నాం. ఫ్లైటూ, గోదావరి ఎక్స్‌ప్రెస్సూ, వందే భారత్ రైలూ అన్నీ ఎక్కాం, ఇన్నేళ్ళలో నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు దూరం సంగతి. విమానం తిన్నగా పడమర వైపు పోతుంది కాబట్టి 500 పైచిలుకు కిలోమీటర్లే. రోడ్డు మీద 620 దాకా అవుతుంది, రైలుకైతే సుమారు 700, ఎందుకంటే అది రాజమండ్రి మీదుగా విజయవాడ దాకా దిగి అక్కణ్ణుంచి మళ్ళీ ఖమ్మం వరంగల్ వైపు తిరిగి సికింద్రాబాద్ చేరాలి.

టికెట్‌లో చూపించే గంటంపావు అంటే విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా, గాల్లో ఉండేది ఎయిర్‌బస్ అయితే యాభై, యాభై ఐదు నిమిషాలే, అదే ఏటీఆర్ అయితే, రెక్కల మీద ఫ్యాన్లు తిరుగుతుంటాయే ఆ చిన్నది, ఇంకో పావుగంట పైనే ఎక్కువ పడుతుంది. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో చూసుకోండి.

మాది వైజాగ్‌లో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర, ఎయిర్‌పోర్టుకి ఆటోలో పది నిమిషాలు. అయినా 8:40 ఫ్లైట్‌కి 7 గంటలకే బయల్దేరతాం, ఎందుకంటే బ్యాగు వేసే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, ఆవకాయేమో చేతి బ్యాగులో పట్టుకెళ్ళనివ్వరు, అమ్మాయికి ఆవకాయ లేకుండా మా ఆవిడ గుమ్మం దాటదు! శంషాబాద్‌లో దిగి బెల్టు దగ్గర బ్యాగు తీసుకునేసరికి 10:20, అక్కణ్ణుంచి కూకట్‌పల్లి నలభై కిలోమీటర్లు, రింగ్ రోడ్డు ఎక్కినా ఇంటికెళ్ళేసరికి పన్నెండు కొడుతుంది. అంటే గాల్లో గంట, నేల మీద నాలుగు గంటలు. ఒకసారి రాత్రి ఫ్లైటు మూడు గంటలు లేటయ్యింది, ఎందుకో చెప్పిన నాథుడు లేడు, ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము.

అందుకే తొందరేం లేకపోతే మేం గోదావరే ఎక్కుతాం, సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి అక్కడుంటాం, పగలంతా మిగులుతుంది. 2023 జనవరిలో వందే భారత్ వచ్చాక పగటి ప్రయాణం ఎనిమిదిన్నర గంటలకి దగ్గరైంది గానీ అంతసేపు కూర్చుంటే నా నడుం ఊరుకోదు.

కానీ ఫ్లైటు వద్దని మాత్రం అనను. మనవడు పుట్టిన రోజు తెల్లవారుజామున అయిదింటికి అల్లుడు ఫోన్ చేశాడు, నొప్పులు మొదలయ్యాయి మావయ్యా, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం అని. పొద్దున ఫ్లైట్‌లో రెండు సీట్లు దొరికాయి, మధ్యాహ్నం లోపే అమ్మాయి పక్కన ఉన్నాం, రైలైతే రాత్రయ్యేది. ఆ రోజు కట్టిన టికెట్ డబ్బులు ఈ రోజుకీ నాకు ఎక్కువ అనిపించలేదు.

ఇప్పటిదాకా నేను చెప్పిన లెక్కంతా నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా పక్కనున్న మన పాత ఎయిర్‌పోర్టుది. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కాలంటే ఇదంతా మారిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి దగ్గరవుతుంది, మంచిదే, మాకు మాత్రం మద్దిలపాలెం, మధురవాడ, ఆనందపురం అన్నీ దాటుకుని వెళ్ళాలి, అంటే 8:40 ఫ్లైట్‌కి అయిదున్నరకే ఇంటికి తాళం వెయ్యాలి.