సొంత కంప్యూటరా, అద్దె క్లౌడా? పర్లాకిమిడి హోల్‌సేల్ కొట్ల లెక్క

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు హోల్‌సేల్ చేసే మనవాళ్లు వ్యాన్ల రూట్లు, స్టాకు లెక్కలు సాఫ్ట్‌వేర్‌కి అప్పగించే ముందు ర్యామ్ (పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ) లెక్క చూసుకోవాలి. ధర సంగతి దాని తర్వాతే.

రూటు వేయాలంటే ప్రతి కొట్టు నుంచి ప్రతి కొట్టుకీ ఉన్న దూరం మెమరీలో ఒక పట్టికగా ఉండాలి. వెయ్యి కొట్లకి పది లక్షల గళ్లు. గడికి 8 బైట్లు వేసుకుంటే మొత్తం 8 ఎంబీ, అంతే. అదే 50,000 కొట్లయితే 250 కోట్ల గళ్లు, అంటే 20 జీబీ! కొట్లు పదింతలైతే మెమరీ వందింతలు. ట్రాఫిక్‌ని బట్టి గంటకో పట్టిక పెడితే దానికి మళ్లీ 24 రెట్లు.

కాబట్టి కొన్ని వందల కొట్లకి సరుకు వేసేవాళ్లకి 16 జీబీ డెస్క్‌టాప్ చాలు. రూట్లు లెక్కేసే గూగుల్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఓఆర్-టూల్స్ ఉచితమే. ఘాట్ రోడ్డు ఊళ్లలో నెట్ పోయినా పొద్దున్నే రూటు షీటు చేతికొస్తుంది. కరెంటు కోసం యూపీఎస్ ఖర్చు మాత్రం కలుపుకోండి.

క్లౌడ్, అంటే నెట్ ద్వారా అద్దెకి వాడుకునే కంప్యూటర్, ఎప్పుడంటే, ఏడాదికోసారి గోడౌన్ ఎక్కడ పెట్టాలో తేల్చే పెద్ద లెక్కకి. 64 జీబీ మెషిన్ రెండు గంటలు తీసుకుని వదిలేయొచ్చు. మెషిన్ ఆపినా డిస్క్ అద్దె నడుస్తూనే ఉంటుంది, డేటా దింపుకుని దాన్నీ తీసేయాలి.

రోజువారీ పనికి నా ఓటు సొంత కంప్యూటర్‌కే. కొనేటప్పుడు ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంచమని షాపువాడికి గట్టిగా చెప్పండి.