గుండె పంపింగ్ తక్కువ, పైగా దడ: వ్యాయామం ఆస్పత్రిలో మేలా, ఇంట్లో మేలా?

ఎకో రిపోర్టులో పంపింగ్ 30 శాతం అని ఉంటుంది. మందులు రాసిచ్చి డాక్టరు "మెల్లగా నడవండి" అంటారు. మెల్లగా అంటే ఎంతో చెప్పేవాళ్లు తక్కువ. దానికి తోడు గుండె లయ కూడా తప్పుతుంటే, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకోవడం) ఉన్నా, మధ్యమధ్యలో అదనపు బీట్లు పడుతున్నా, ఛాతీలో ఐసీడీ (ప్రమాదకరమైన లయ వస్తే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న మిషన్) ఉన్నా, ఇంట్లోవాళ్లు మనిషిని కుర్చీలోంచి లేవనివ్వరు. నడిస్తే మిషన్ షాక్ కొడుతుందేమోనని వాళ్ల భయం.

ఆ భయానికి జవాబు ఉంది. అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో 2,331 మంది హార్ట్ ఫెయిల్యూర్ (గుండె పంపింగ్ తగ్గిన) పేషెంట్లతో హెచ్‌ఎఫ్-యాక్షన్ అనే పరిశోధన జరిగింది, ఫలితాలు 2009లో వచ్చాయి. వాళ్లలో ఐసీడీ ఉన్నవారు 1,053 మంది. వ్యాయామం చేసినవారిలో 20 శాతం మందికి, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 22 శాతం మందికి షాక్ వచ్చింది. అంటే వ్యాయామం వల్ల షాకులు పెరగలేదు. అయితే వీళ్లంతా మందులు కుదిరి, పరీక్షలు అయి, నిలకడగా ఉన్నవాళ్లు. నిన్న ఆయాసంతో అడ్మిట్ అయిన మనిషికి ఈ అంకె చూపించి ధైర్యం చెప్పకూడదు.

కాబట్టి చెయ్యాలా వద్దా అన్నది తేలిపోయింది. ఎక్కడ, ఎవరు చూస్తుండగా అన్నదే మిగిలింది.

ఆస్పత్రిలో రిహాబ్ (దగ్గరుండి చేయించే వ్యాయామ చికిత్స) అయితే ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నంతసేపూ ఈసీజీ తెర మీద కనిపిస్తూ ఉంటుంది. పక్కనే షాక్ ఇచ్చే మిషన్ డీఫిబ్రిలేటర్, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉంటారు. లయ తప్పినప్పుడు దీనికి సాటి వచ్చేది లేదు. ఇబ్బందల్లా దూరం. వారానికి మూడు రోజుల చొప్పున మూడు నెలలపాటు మాచర్ల నుంచి గుంటూరు వెళ్లి రావాలంటే పేషెంటుతో పాటు కొడుకో కూతురో పని మానుకోవాలి. కొన్నాళ్లు తిరిగి మధ్యలో మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. పైగా హెచ్‌ఎఫ్-యాక్షన్‌లోనే 36 సెషన్లు దగ్గరుండి చేయించి ఇంటికి పంపితే, ఆ తర్వాత చాలామంది సడలించేశారు. అలవాటు కుదరాల్సింది ఇంట్లోనే మరి.

రెండో దారిని పోలండ్ వాళ్లు గట్టిగా పరీక్షించారు. 850 మందితో చేసిన ఆ ట్రయల్ పేరు టెలిరె-హెచ్‌ఎఫ్. అందులో సగం మందికి మొదటి వారం ఆస్పత్రిలో నేర్పించి, తర్వాత 8 వారాలు ఇంటి దగ్గరే, వారానికి ఐదు రోజులు చేతికర్రలతో నడిపించారు. మిగతా సగానికి మామూలు వైద్యమే. నాకు నచ్చింది వాళ్ల పద్ధతి. పొద్దున్నే పేషెంటు తన బరువు, బీపీ, ఆయాసం ఉందా, మందులు వేసుకున్నారా అన్నవి చెప్పాలి. ఒంటికి తగిలించుకున్న చిన్న పరికరం నుంచి ఈసీజీ మొబైల్ ద్వారా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడివాళ్లు చూసి సరే అంటేనే ఆ రోజు నడక. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో పరికరమే బీప్‌తో చెబుతుంది, మధ్యలోనూ ఈసీజీ వెళ్తూ ఉంటుంది.

ఫలితం ఏమిటంటే ఆయాసం లేకుండా పని చేసే శక్తి పెరిగింది, జీవన నాణ్యత మెరుగైంది. కానీ ఆ తర్వాత ఏడాదికి పైగా గమనించినా మరణాల్లో గానీ, ఆస్పత్రి బయట గడిపిన రోజుల్లో గానీ రెండు గుంపులకూ తేడా రాలేదు. "మా టెలీ రిహాబ్‌తో ఆయుష్షు పెరుగుతుంది" అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే ఈ ముక్క గుర్తు చెయ్యండి. ఇంకో పరిమితి కూడా ఉంది. ప్రమాదకరమైన లయ మొదలైతే సెంటర్‌వాళ్లకు తెర మీద తెలుస్తుంది గానీ, అక్కణ్నుంచి షాక్ ఇవ్వలేరు. ఇంట్లో మరో మనిషి ఉండి తీరాలి.

మూడోది మన దగ్గర ఎక్కువగా దొరికేది: వీడియో కాల్‌లో ఫిజియోథెరపిస్టు, చేతికి స్మార్ట్ వాచీ. లయ బాగున్న పేషెంటుకు ఇది చాలు. లయ తప్పినవారి దగ్గర వాచీ తడబడుతుంది. వాచీ చూసేది గుండెను కాదు, మణికట్టు దాకా వచ్చిన రక్తాన్ని. అదనపు బీటు తొందరపడి కొడితే గుండె నిండకుండానే పిండుకుంటుంది, ఆ నాడి చేతిదాకా రాదు. ఒకటి విడిచి ఒకటి అలా పడుతుంటే గుండె 90 సార్లు కొట్టినా వాచీ 45 అంటుంది. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరుదీ అదే కథ. వేలు పెట్టి తీసే ఈసీజీ కొంత నయం, కానీ అది ఆ 30 సెకన్లకే సాక్షి. అందుకే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారు, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడేవారు అంకె వెంట పడకుండా ఒంటి మాట వినాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

నన్నడిగితే లయ సమస్య ఉన్నవారికి పోలండ్ తరహా కలగలుపే మేలు: మొదట కొన్నాళ్లు ఆస్పత్రిలో ఈసీజీ చూస్తూ, ఏ వేగంలో ఏమవుతుందో తెలిశాక ఇంట్లో. నడక మొదలుపెట్టే ముందు మీ ఈసీజీ ఎవరైనా చూస్తారా, వద్దనే అధికారం వాళ్లకు ఉందా? డబ్బు కట్టకముందే అడగాల్సింది ఇదే. ఈసీజీ పంపే సదుపాయమే లేని ఊళ్లో ఉంటే కనీసం ఒకసారి ట్రెడ్‌మిల్ పరీక్షో, ఆరు నిమిషాల నడక పరీక్షో చేయించుకుని మొదలుపెట్టాలి. ఐసీడీ ఉంటే అది ఎంత వేగం దగ్గర మేలుకుంటుందో డాక్టరును అడిగి రాసిపెట్టుకోవాలి. వ్యాయామంలో గుండె వేగం దానికి 10 నుంచి 20 బీట్లు కిందే ఆగాలి. ఈమధ్యే షాక్ వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇంటి వ్యాయామం మాటే ఎత్తకూడదు, మళ్లీ ఆస్పత్రే.

మన ఎండల సంగతి పోలండ్ వాళ్లకు తెలియదు. మే నెలలో పల్నాడులో నీరు పోయే మాత్ర వేసుకుని చెమటోడ్చి నడిస్తే పొటాషియం పడిపోయి లయ చెడుతుంది. పోనీ అని రోజూ కొబ్బరినీళ్లు తాగితే, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే స్పైరనోలాక్టోన్ మాత్ర వాడేవారికి అదే పొటాషియం మితిమీరి లయ చెడుతుంది. వేసవిలో తెల్లవారుజామునే నడవాలి, రక్తపరీక్ష తప్పించకూడదు.

మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే ఏ పద్ధతిలోనైనా నడక ఆపి డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. ఐసీడీ ఒక్కసారి కొట్టి మనిషి తేరుకుంటే ఆ రోజే చెప్పాలి. వెంటవెంటనే రెండు కొట్టినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చెయ్యాలి.