ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఎ వారపు ఇంజెక్షన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు తిరగబెట్టకుండా వారానికొకసారి తొడ కండరంలోకి వేసుకునే 30 మైక్రోగ్రాముల ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఎ ఇంజెక్షన్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. వైరస్ సోకినప్పుడు మన కణాలు పొరుగు కణాలను హెచ్చరించడానికి విడుదల చేసే సంకేత ప్రోటీన్లలో ఇదీ ఒకటి; 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్‌లు గుర్తించిన ఇంటర్‌ఫెరాన్ల కుటుంబానికి చెందినది.

అందుకే దీని దుష్ప్రభావాలు అచ్చం ఫ్లూ జ్వరంలా ఉంటాయి. సూది వేసుకున్న కొన్ని గంటలకు వణుకు మొదలై, వెన్నులోనూ పిక్కల్లోనూ నొప్పులు పట్టి, ఒళ్లు కాలిపోతుంది. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు (రోగనిరోధక కణాల సంకేత ప్రోటీన్లు) పెరగడం దీనికి ఒక కారణం. ఒంటి వేడి పెరిగితే, మైలిన్ అనే రక్షణ పొర దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మరింత మందగిస్తాయి కాబట్టి, పాత లక్షణాలు తాత్కాలికంగా పైకి తేలతాయి. నాకు ఎడమ కాలు బరువెక్కి, ఒక కంటి చూపు మసకబారేది. జ్వరం దిగగానే రెండూ సర్దుకునేవి. కొత్తగా మొదలుపెట్టేవారు దీన్ని రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) అనుకుని బెంబేలెత్తవద్దు. అయితే 24 గంటలు దాటినా తగ్గకపోతే మాత్రం న్యూరాలజిస్టుకు తప్పక చెప్పాలి. తక్కువ మోతాదుతో ప్రారంభించి వారం వారం పెంచడం, పడుకునే ముందు వేసుకోవడం, డాక్టరు చెప్పిన మేరకు పారాసిటమాల్ తీసుకోవడం నాకు బాగా ఉపకరించాయి. నెలలు గడిచేకొద్దీ ఈ బాధ చాలా తగ్గింది.

ప్రయోజనం మాత్రం ఒంటికి తెలిసేది కాదు. తెల్ల రక్తకణాలు రక్తనాళాల గోడ దాటి మెదడులోకి చొరబడడాన్ని ఈ మందు తగ్గిస్తుంది, వాపును అణచే ఇంటర్‌ల్యూకిన్-10ను పెంచుతుంది. క్లినికల్ ట్రయల్స్‌లో రిలాప్సులు సుమారు మూడో వంతు తగ్గాయి. జరిగిపోయిన నష్టాన్ని ఇది బాగుచేయదు కనుక, కాలు మునుపటిలా కాలేదని మందును తప్పుపట్టడం సరికాదు. నాకు రిలాప్సులు అరుదయ్యాయి, ఎమ్మారైలో కొత్త మచ్చలు కనబడలేదు. నాకు అది ఎంతో విలువైన ఫలితం.

రోగనిరోధక శక్తిని పెంచుతాయంటూ అమ్మే పొడులను దీనితో పాటు వాడవచ్చా అని తోటి రోగులు అడుగుతుంటారు. వద్దనే నా అభిప్రాయం. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత మైలిన్‌పైనే దాడి చేయడం ఈ జబ్బు మూలం. 1980లలో ఇదే కుటుంబంలోని మరో ప్రోటీన్ ఇంటర్‌ఫెరాన్ గామాను ఎంఎస్ రోగులకు ఇచ్చి చూస్తే రిలాప్సులు పెరిగాయి. వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రోటీన్‌ను అడ్డుకుని కీళ్లవాతంలో మేలు చేసే చికిత్స కూడా ఇక్కడ వికటించింది. ఏ సంకేతాన్ని పెంచాలో, దేన్ని ఆపాలో ఊహతో తేల్చుకోకూడదు.

కాలేయ ఎంజైములు, రక్తకణాల సంఖ్య క్రమం తప్పకుండా పరీక్షించుకోవాలి. గతంలో డిప్రెషన్ వచ్చినవారు మొదలుపెట్టక ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. జబ్బు ఉధృతంగా ఉన్నవారికి నటాలిజుమాబ్, ఒక్రెలిజుమాబ్ వంటివి ఇంతకంటే బలంగా పనిచేస్తాయి కాబట్టి, ఎమ్మారైలో కొత్త మచ్చలు వస్తూనే ఉంటే, అలవాటైందని దీన్నే పట్టుకుని కూర్చోకుండా మార్పు గురించి అడగాలి.