పాత కెమెరాకు కొత్త స్ట్రిప్: రెండేళ్ల వాడకం తర్వాత

ఈ కెమెరా కొన్నది ఒకే ఒక్క సంగతి కోసం. వెనక డిస్‌ప్లే తలుపులాగా పక్కకు తెరుచుకుంటుంది, పైకీ కిందికీ తిరుగుతుంది. మెగాపిక్సెళ్లు, లెన్సుల లెక్కలు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. మా తిరుపతిలో గంగమ్మ జాతర ఫోటోలు తీయాలంటే ఆ తిరిగే డిస్‌ప్లే ఎంత అక్కరకొస్తుందో తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర జనంలో ఇరుక్కున్నవాళ్లకే తెలుస్తుంది. కెమెరాను రెండు చేతులతో తలల మీదికి ఎత్తి పట్టుకున్నా, ఫ్రేములో ఏముందో కింద నుంచి చూసుకోవచ్చు.

పెళ్లిళ్లు తీసే ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 11 వేలకు తీసుకున్నా. నాలుగో రోజుకే విషయం బయటపడింది. మూసి ఉన్నంతసేపూ డిస్‌ప్లే బాగుంటుంది. తెరిచి సగం తిప్పేసరికి అడ్డగీతలు, ఇంకాస్త తిప్పితే పూర్తిగా నలుపు. కొనేటప్పుడు నాలుగు ఫోటోలు తీసి చూశానే గానీ డిస్‌ప్లేను తిప్పి చూడలేదు. ఇలాంటిది కొనేవాళ్లు లైవ్ వ్యూ (ఎదురుగా ఉన్నది డిస్‌ప్లేలోనే కనిపించేది) ఆన్ చేసి, కీలు దగ్గర నిదానంగా ఈ చివర నుంచి ఆ చివరి దాకా తిప్పి చూడండి. వ్యూఫైండర్‌కు కరెంటుతో పని లేదు, అద్దంలోంచి చూసేదే, కాబట్టి ఫోటోలు ఆగవు. కానీ నేను డబ్బు పెట్టిందే ఆ డిస్‌ప్లే మీద. కడుపు మండిపోయింది.

చెన్నైలో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే డిస్‌ప్లే మొత్తం మార్చాలి, ఎనిమిది వేలు దాటుతుంది అన్నారు. కెమెరా ఖరీదుకు దగ్గర దగ్గర! అట్లే తిరిగొచ్చేశా.

తిలక్ రోడ్డు పక్క సందులో సెల్‌ఫోన్లు, కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని స్నేహితుడు చెప్పాడు. ఆయన కెమెరా తీసుకుని ఏమీ అడగలేదు. ఆన్ చేసి, డిస్‌ప్లేను కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాడు. గీతలు వచ్చిన చోట ఆపి, కీలును బొటనవేలితో నొక్కాడు. బొమ్మ వచ్చింది. వేలు తీస్తే పోయింది.

"డిస్‌ప్లేకేం కాలేదు నాయనా, దానికి పోయే స్ట్రిప్ చిట్లింది. ప్యానెల్ మార్చాల్సిన పన్లేదు." స్ట్రిప్ అంటే కెమెరా నుంచి కీలు గుండా డిస్‌ప్లేకు పోయే పల్చటి పట్టీ, దాని మీద సన్నటి రాగి గీతలుంటాయి.

కొత్త స్ట్రిప్ చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ నుంచి రావడానికి వారం పట్టింది. విప్పేటప్పుడు నేను పక్కనే కూర్చున్నా. తెల్లకాగితం మీద కెమెరా బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడ నుంచి తీస్తే కాగితం మీద అక్కడే పెట్టాడు. వాటి పొడవులు ఒకటి కావు, పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే లోపల గుచ్చుకుంటుందట. నేను వంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవ ఉంటాయి, బ్యాటరీ తీసేసినా షాక్ కొడుతుంది. దాన్ని ఖాళీ చేశాకే మిగతా పని.

పాత స్ట్రిప్‌ను లైటు కింద పెట్టి చూపించాడు. మల్లెపూల దండకు కట్టే దారమంత సన్నటి చీలిక, రాగి గీతల్లో సగం తెగిపోయి ఉన్నాయి. కొత్తదాన్ని కీలు చుట్టూ చుట్టడానికే గంట పట్టింది. బిగుతైతే మళ్లీ చిట్లుతుంది, వదులైతే కీలులో నలుగుతుంది. రెండుసార్లు చుట్టి విప్పేశాడు, మూడోసారి కుదిరింది. అంతా కలిపి 1,600 తీసుకున్నాడు.

ఆ మే నెలలో, జాతరలో తోటి వేషం వేసే రోజు, ఒళ్లంతా బొగ్గు పూసుకుని వేపమండలు పట్టుకున్న ఐదారేళ్ల పిల్లవాడు ఎదురొచ్చాడు. కెమెరాను నా మోకాలి దగ్గర పెట్టి, డిస్‌ప్లేను పైకి తిప్పుకుని తీశా. వాడు కెమెరాను గమనించనే లేదు, వాళ్ల నాన్న మొహంలోకే చూస్తున్నాడు. కంటికి కెమెరా ఆనించి ఉంటే ఆ చూపు దొరికేది కాదు. ఆ ఫోటో ఇప్పుడు మా ఇంటి హాల్లో ఉంది.

కొత్త దానిలాగే ఉందని అప్పట్లో అందరికీ చెప్పాను. రెండేళ్లకు ఆ మాట కొంచెం సవరించుకోవాలి. డిస్‌ప్లేను లోపలి వైపుకు మూస్తే దానంతట అదే ఆరిపోవాలి, ఒక్కోసారి ఆరడం లేదు. తలకోన వెళ్లిన రోజు బ్యాగులోనే బ్యాటరీ అయిపోయింది, జలపాతం దగ్గర ఒక్క ఫోటో కూడా తీయలేకపోయా. ఇప్పుడు స్విచ్ ఆఫ్ చేశాకే మూస్తున్నా. బాగుచేసిన పెద్దాయన చెప్పినట్టు పని లేకుండా తిప్పడం కూడా మానేశా.

నాకైతే ఆ 1,600 దండగ కాలేదు. కానీ నాకు ఫోటోలు ఆదివారాల పని, చెన్నై దగ్గర కాబట్టి సామాను దొరికింది, కూర్చుని ఓపిగ్గా చేసే మనిషీ దొరికాడు. దీని మీదే బతికేవాళ్లకు, పెళ్లి మధ్యలో డిస్‌ప్లే ఆగితే జవాబు చెప్పుకోవాల్సిన వాళ్లకు ఇదే చెయ్యమని చెప్పలేను.

వచ్చే జాతరకూ ఈ కెమెరానే. బాగుచేయించినప్పుడే రిచీ స్ట్రీట్ నుంచి రెండు స్ట్రిప్పులు తెప్పించమన్నాను. రెండోది కవరు విప్పకుండా బీరువాలో ఉంది.