ఫోన్‌లో స్టోరేజ్ ఖాళీ చేస్తామనే దుకాణాలతో జాగ్రత్త (తిరుపతి)

ఫోన్‌లో స్థలం చాలక అప్‌డేట్ కావడం లేదని తిరుపతి నడిబొడ్డులో ఉన్న ఒక మొబైల్ దుకాణంలో ఇస్తే, నన్ను ఒక్క మాటైనా అడగకుండా ఫోన్ మొత్తం రీసెట్ చేసి, అందులో ఉన్నదంతా తుడిచిపెట్టి, పైగా అప్‌డేట్ చేశామని అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నారు. ఏ దుకాణమో ఆ వీధిలో తిరిగేవారికి నేను చెప్పనక్కర్లేదు.

నాది 32 జీబీ ఫోన్. అందులో కొంత సిస్టమే తీసుకుంటుంది, మిగిలినదాన్ని వాట్సాప్ వీడియోలు నింపేశాయి, అప్‌డేట్ నొక్కినప్పుడల్లా స్థలం లేదనే సమాధానమే వచ్చేది. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ కూడా నిండిపోవడంతో ఫోటోల బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయింది. ఈ సంగతి దుకాణంలో ముందే చెప్పాను. ఫోటోలు ఇంకెక్కడా లేవు, వాటిని ముట్టుకోవద్దు, అక్కరలేని యాప్‌లు, వాట్సాప్‌లో వచ్చిపడిన ఫార్వర్డ్ వీడియోలు మాత్రమే తీసేయండి అని స్పష్టంగా చెప్పి, వారు అడిగితే పిన్ కూడా రాసి ఇచ్చాను. "అట్లనేలే అక్కా, సాయంత్రం రండి" అన్నారు.

సాయంత్రం వెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే తెర మీద భాష ఎంచుకోమని అడుగుతోంది. కొత్త ఫోన్ పెట్టెలోంచి తీసినప్పుడు కనిపించే తెర అది. ఏం జరిగిందో అర్థమై నాకు కాళ్ళు వణికాయి. గంగమ్మ జాతరలో మా చిన్నవాడు ఒళ్ళంతా నామకొమ్ము పూసుకుని మొదటిసారి బైరాగి వేషం కట్టినప్పటి ఫోటోలు, గుడి ముందు వాడు వాళ్ళ తాత చెయ్యి పట్టుకుని నడుస్తున్న వీడియో, మా నాన్న గుండె జబ్బు రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాట్సాప్ తనంతట తాను దాచుకునే రోజువారీ బ్యాకప్ కూడా ఫోన్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి దానితో పాటే పోయింది.

ఫోటోలు ఏవని అడిగితే కౌంటర్‌లో కూర్చున్న మనిషి తల ఎత్తకుండా, "స్పేసు కావల్లంటిరి, వచ్చింది కదక్కా, ఇంకేం కావల్ల?" అన్నాడు. జాతర ఫోటోలని చెప్పాను. "జాతర ఏటేటా వస్తానే ఉంటుంది, మళ్ళా తీసుకోండి" అన్నాడు. పక్కన నిలబడిన కుర్రాళ్ళు నవ్వారు. జాతర ఏటా వస్తుంది, నిజమే. మా బిడ్డకు ఐదేళ్ళ వయసు మళ్ళీ రాదు, మా నాన్న వచ్చే జాతరకు అంత దూరం నడవగలరో లేదో మాకు తెలియదు. పని తప్పు చేసినందుకన్నా ఆ మాటకే నాకు ఎక్కువ కడుపు మండింది, ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది.

అంతటితో ఆగలేదు. నేను ఏడుస్తుంటే లోపలి నుంచి ఇంకొకతను వచ్చి, మూడు వేలు ఇస్తే సాఫ్ట్‌వేర్ పెట్టి ఫోటోలన్నీ వెనక్కి తెప్పిస్తామని బేరం పెట్టాడు. దయచేసి ఈ మాట ఎవరూ నమ్మవద్దు. ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తరువాతి వెర్షన్‌తో గానీ మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లన్నింటిలో సమాచారం తప్పనిసరిగా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేకుండా ఎవరూ చదవలేని సంకేతాలుగా మారి ఉంటుంది. రీసెట్ చేసినప్పుడు దాన్ని తెరిచే తాళంచెవి ఫోన్‌లోంచే చెరిగిపోతుంది, ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా చదవడానికి ఏమీ మిగలదు. తుడిచింది వారే, తిరిగి తేలేమని తెలిసింది వారికే, మళ్ళీ దానికే డబ్బు అడిగింది కూడా వారే.

అప్‌డేట్ చేశామన్న మాటైనా నిజమా అంటే అదీ కాదు. ఇంటికి వచ్చి సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూస్తే అది పాతదే. రీసెట్ వల్ల వెర్షన్ మారదు. మా ఇంటి వైఫైకి కలిపాక అప్‌డేట్ దానంతట అదే దిగి, ఎక్కింది. బిల్లు అడిగితే పేరు లేని తెల్ల కాగితం మీద అంకె వేసి ఇచ్చారు. దాన్నే జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు కూడా వెళ్తాను.

స్థలం కోసం దుకాణానికి వెళ్ళవలసిన అవసరమే లేదని మా ఆడపడుచు కొడుకు తరువాత చూపించాడు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే 5 ఎంబీ దాటిన ఫైళ్ళు, పదేపదే ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి, వాటిని అక్కడే తీసేయవచ్చు. గ్యాలరీలో తీసేసిన ఫోటోలు చెత్తబుట్టలోనే కొన్నాళ్ళు ఉంటాయి కాబట్టి దాన్ని కూడా ఖాళీ చేస్తేనే స్థలం వస్తుంది. యాప్‌లకు తాత్కాలిక ఫైళ్ళను తీసేసే క్లియర్ క్యాష్ మాత్రమే నొక్కండి, క్లియర్ డేటా నొక్కవద్దు. వాట్సాప్‌కు అది నొక్కితే చాట్‌లు పోతాయి. తప్పక దుకాణంలో ఇవ్వవలసి వస్తే ముందు కేబుల్‌తో ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, రీసెట్ చేయకూడదని బిల్లు మీద రాయించుకోండి, పని అయ్యేవరకు ఫోన్ మీ కళ్ళ ముందే ఉండనివ్వండి.